హెన్రియెట్టా లాక్స్: కణాలు లోకమంతా తిరిగాయి, సమాధికి రాయి కూడా దక్కలేదు

అక్టోబర్ 4 హెన్రియెట్టా లాక్స్ వర్ధంతి. 1951లో ఆ రోజు అర్ధరాత్రి దాటిన కాసేపటికి, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, నల్లజాతివారికి వేరుగా కేటాయించిన వార్డులో ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 31 ఏళ్లు. ఐదుగురు బిడ్డల తల్లి. పొగాకు చేలల్లో పెరిగిన మనిషి. చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. ఆమెను బలిగొన్నది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్.

ఆమె శరీరం నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. పోలియో టీకా పరీక్షల నుంచి క్యాన్సర్ మందుల దాకా వాటిని వాడని పరిశోధన అరుదు. వైద్యశాస్త్రంలో ఆమె గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈ కణాల గురించే రాస్తారు. మనం మాత్రం ఆమె గురించి, ఆమెకు కనిపించిన రక్తం గురించి, ఆ రక్తాన్ని పట్టించుకోని వ్యవస్థ గురించి మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ భాగం మన వాడల్లో ఇంకా జరుగుతూనే ఉంది.

బానిసల గుడిసెలో బాల్యం

హెన్రియెట్టా 1920 ఆగస్టు 1న వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్‌లో పుట్టింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు లొరెట్టా ప్లెజెంట్. హెన్రియెట్టాగా ఎప్పుడు, ఎలా మారిందో కుటుంబంలో ఎవరికీ గుర్తులేదు. ఆమెకు నాలుగేళ్లప్పుడు తల్లి ఎలైజా పదో కాన్పులో చనిపోయింది. అంతమంది పిల్లలను ఒంటరిగా సాకలేని తండ్రి వాళ్లను సొంతూరు క్లోవర్‌కు తీసుకొచ్చి బంధువుల ఇళ్లలో తలా ఒకరిని వదిలాడు. హెన్రియెట్టా తాత టామీ లాక్స్ దగ్గర పెరిగింది.

తాత ఉండేది దుంగలతో కట్టిన ఇంట్లో. ఆ ఇల్లు ఒకప్పుడు బానిసలను ఉంచిన గది. బానిసత్వం చట్టప్రకారం 1865లోనే పోయింది. కానీ పూర్వీకులు బానిసలుగా చాకిరీ చేసిన అదే నేలలో, అదే పంటకు మనవలు చాకిరీ చేస్తున్నారు. తెల్లవారకముందే లేచి పశువులకు మేత వేయడం, ఆ తర్వాత పొగాకు చేలోకి దిగడం, ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో కాల్చడం. ప్రకాశం, గుంటూరు జిల్లాల పొగాకు కూలీలకు ఈ పని గురించి వేరే చెప్పనక్కర్లేదు. తెల్లపిల్లల బడి దగ్గరలోనే ఉన్నా నల్లపిల్లలకు అందులో ప్రవేశం లేదు. వాళ్లకు కేటాయించిన బడికి హెన్రియెట్టా రెండు మైళ్లు నడిచి వెళ్లేది. ఆరో తరగతి తర్వాత ఇంటి పని, చేను పని ఆమెను బడి మాన్పించాయి.

ఆ ఇంట్లోనే తాత సాకుతున్న మరో మనవడు డేవిడ్ లాక్స్. అందరూ డే అని పిలిచేవారు. హెన్రియెట్టాకు 14 ఏళ్లకే మొదటి బిడ్డ లారెన్స్ పుట్టాడు. నాలుగేళ్లకు కూతురు ఎల్సీ. ఎల్సీ మూర్ఛ జబ్బుతో, ఎదుగుదల లోపంతో పుట్టిన బిడ్డ. 1941 ఏప్రిల్‌లో హెన్రియెట్టా, డే పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది చివర్లో పొగాకు చేలను వదిలి బాల్టిమోర్ పక్కనున్న టర్నర్ స్టేషన్ అనే నల్లజాతి కార్మికుల వాడకు వచ్చారు. డే బెత్లెహెమ్ స్టీల్ వారి స్పారోస్ పాయింట్ కర్మాగారంలో పనికి కుదిరాడు. యుద్ధకాలం కావడంతో ఉక్కుకు గిరాకీ ఉంది. కర్మాగారంలో కష్టమైన, ప్రమాదకరమైన పనులు నల్లవాళ్లకు, జీతం తక్కువ కూడా వాళ్లకే.

టర్నర్ స్టేషన్ ఇంట్లో మరో ముగ్గురు పిల్లలు పుట్టారు. ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన బంధువులు ఎవరైనా మొదట దిగేది హెన్రియెట్టా ఇంట్లోనే. వాళ్లకు తిండి పెట్టి, పడుకోవడానికి చోటు చూపించేది. వంటలో, నవ్వులో, ఎర్రటి గోళ్ల రంగులో, నాట్యంలో ఆమెకున్న ఇష్టాన్ని బంధువులు చాలా ఏళ్ల తర్వాత కూడా తలుచుకునేవారు. ఆమెకున్న పెద్ద దుఃఖం ఎల్సీ. ఇంట్లో చూసుకోవడం సాధ్యం కాక, బిడ్డను క్రౌన్స్‌విల్‌లో నల్లజాతి మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఒంట్లో శక్తి ఉన్నంతవరకు తల్లి అక్కడికి వెళ్లి బిడ్డను చూసి వచ్చేది.

ముడి, ఆ తర్వాత రక్తం

ఐదో బిడ్డ కడుపున పడకముందే హెన్రియెట్టా తన దగ్గరి బంధువులైన ఇద్దరు ఆడవాళ్లకు ఒక మాట చెప్పింది. లోపల ఏదో ముడి పడినట్టు ఉందని, నొప్పిగా ఉందని. డాక్టరుకు చూపించమని వాళ్లు పోరారు. ఆమె వెళ్లలేదు. గర్భసంచి తీసేస్తారేమో, ఇక పిల్లలు పుట్టరేమో అని భయం. కొద్ది రోజులకు గర్భం అని తేలడంతో ఆ నొప్పి దాని వల్లే అనుకున్నారు.

1950లో ఐదో కాన్పు అయింది. తర్వాత నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించడం మొదలైంది. 1951 జనవరిలో ఒక రోజు స్నానం చేస్తూ ఆమె తనే వేలితో తడిమి చూసుకుంది. గర్భాశయం ముఖద్వారం దగ్గర గట్టిగా ఒక గడ్డ తగిలింది. స్థానిక డాక్టరు సిఫిలిస్ పరీక్ష చేశాడు. నల్లజాతి స్త్రీకి ఆ భాగంలో పుండు కనిపిస్తే మొదట వచ్చే అనుమానం అదే. పరీక్షలో ఆ జబ్బు లేదని తేలింది. అప్పుడు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లమన్నాడు.

జనవరి 29న డే ఆమెను కారులో తీసుకెళ్లాడు. ఆ ప్రాంతంలో డబ్బులేని నల్లజాతి రోగులను చేర్చుకునే పెద్ద ఆసుపత్రి అదొక్కటే. చేర్చుకున్నా వార్డులు వేరు, నీళ్లు తాగే కుళాయిలు వేరు. ఆ చుట్టుపక్కల నల్లజాతి వాడల్లో ఒక భయం తరాలుగా ఉండేది. రాత్రిపూట నల్లవాళ్లను ఎత్తుకెళ్లి డాక్టర్లు ప్రయోగాలు చేస్తారని చెప్పుకునేవారు. ఈ కథల్లో కొన్ని పుకార్లే. కానీ నల్లవాళ్ల శవాలను సమాధుల నుంచి తవ్వి వైద్య కళాశాలలకు అమ్మిన చరిత్ర అమెరికాలో నిజంగానే ఉంది. ఆసుపత్రి అంటే భయపడే పేదవాడిని మూఢుడు అనేముందు ఆ భయానికి కారణం ఏమిటో చూడాలి.

హోవార్డ్ జోన్స్ అనే గైనకాలజిస్టు ఆమెను పరీక్షించాడు. ముఖద్వారం మీద ఊదారంగులో, చిన్న నాణెం అంత గడ్డ. ముట్టుకుంటేనే రక్తం కారుతోంది. ఆయన ముక్క తీసి ల్యాబ్‌కు పంపి, పాత కేసు పత్రాలు తిరగేశాడు. అందులో ఈ కథకు కీలకమైన విషయం ఉంది. చివరి రెండు గర్భాల సమయంలో కారణం తెలియని యోని రక్తస్రావం, మూత్రంలో రక్తం అని రాసి ఉంది. సికిల్ సెల్ పరీక్ష చేయించుకోమంటే ఆమె వద్దన్నట్టు కూడా ఉంది. మరికొన్ని జబ్బులకు సూచించిన చికిత్సలు కూడా జరగలేదు. అదే ఆసుపత్రిలో కాన్పు అయింది, తర్వాత ఆరు వారాలకు మళ్లీ చూశారు. ఆ రెండు సందర్భాల్లోనూ ముఖద్వారంలో తేడా ఉన్నట్టు ఎవరూ రాయలేదు. కొద్ది నెలలకే అక్కడ కంటికి కనిపించే కణితి. గడ్డ భయంకరమైన వేగంతో పెరిగి ఉండాలి, లేదా చూసినవాళ్లకు కనిపించకుండా పోయి ఉండాలి.

పాప్ స్మియర్ పరీక్ష అప్పటికే ఉంది. జార్జ్ పాపానికొలావ్ దాన్ని 1940లలోనే ప్రచురించాడు. ముఖద్వారం నుంచి కొన్ని కణాలు గీకి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, క్యాన్సర్ ముదరకముందే పసిగట్టవచ్చు. కానీ అది అందరికీ అందే మామూలు పరీక్ష కాలేదు. విజ్ఞానం పుట్టిన దేశంలోనే అది పేద ఆడవాళ్ల దాకా రాలేదు.

చెప్పకుండా తీసిన ముక్క

ల్యాబ్ రిపోర్టు క్యాన్సర్ అని తేల్చింది. మొదటి దశ అని రాశారు. ఇది ఏ రకం కణాల క్యాన్సరో ఆనాడు సరిగా గుర్తించలేదని, మరింత దూకుడుగా పెరిగే అడినోకార్సినోమా అని రెండు దశాబ్దాల తర్వాత అదే డాక్టర్లు నమూనాలను మళ్లీ చూసి ఒప్పుకున్నారు. సరిగా గుర్తించినా అప్పట్లో చికిత్స అదే ఉండేదని కూడా చెప్పారు.

ఆనాటి చికిత్స రేడియం. రేడియం నింపిన చిన్న గొట్టాలను ముఖద్వారానికి ఆనించి కుట్టేవారు. హెన్రియెట్టా ఫిబ్రవరిలో ఆపరేషన్ పత్రంపై సంతకం చేసింది. మత్తు ఇచ్చాక, రేడియం పెట్టడానికి ముందు, సర్జన్ రెండు చిన్న ముక్కలు తీశాడు. ఒకటి కణితి నుంచి, ఇంకొకటి ఆరోగ్యంగా ఉన్న భాగం నుంచి. ఆమె చికిత్సకు ఆ ముక్కలతో పనిలేదు. పరిశోధన కోసం ముక్క తీస్తామని ఆమెను ఎవరూ అడగలేదు. ఉచిత వార్డు రోగులను పరిశోధనకు వాడుకోవడం తప్పేమీ కాదని, వైద్యానికి అదే చెల్లింపు అని అప్పటి చాలామంది డాక్టర్లు అనుకునేవారు. రోగి సమ్మతి గురించి ఈరోజు మనం మాట్లాడే చట్టాలు అప్పటికి లేవు. కానీ నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లోనే న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. ప్రయోగానికి మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని అందులో మొదటి నియమం.

ముక్కలు జార్జ్ గై ప్రయోగశాలకు చేరాయి. మనిషి కణాలను శరీరం బయట శాశ్వతంగా పెంచాలని ఆయన ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాడు. ఏవీ బతకలేదు. సహాయకురాలు మేరీ క్యూబిచెక్ రోగి పేరులోని మొదటి అక్షరాలతో గొట్టాలకు హీలా అని రాసి పెట్టింది. ఆరోగ్యవంతమైన భాగం నుంచి తీసిన కణాలు కొద్ది రోజులకే చనిపోయాయి. కణితి కణాలు మాత్రం రోజుకు రెట్టింపు చొప్పున పెరుగుతూ పోయాయి. శరీరం బయట అంతులేకుండా పెరిగిన మొట్టమొదటి మానవ కణాలు అవే.

రెండో విడత రేడియం, ఆ తర్వాత వారాల తరబడి ఎక్స్‌రే కిరణాలు. పొట్ట మీద చర్మం కాలి నల్లబడింది. మొదట్లో డేకు తప్ప ఎవరికీ చెప్పకుండా ఇంటి పని చేసుకుంటూనే చికిత్సకు వెళ్లి వచ్చింది. చికిత్స వల్ల ఇక పిల్లలు పుట్టరని ఆమెకు మధ్యలో తెలిసింది. ముందే చెప్పి ఉంటే ఈ చికిత్సకు ఒప్పుకునేది కాదని ఆమె అన్నట్టు కేసు పత్రంలో ఉంది. ఆమె నిర్ణయం సరైనదో కాదో వేరే చర్చ. నిర్ణయించుకునే అవకాశం ఆమెకు దక్కలేదన్నది అసలు సంగతి.

వేసవిలో నొప్పి మళ్లీ వచ్చింది. జబ్బు పాకుతోందని ఆమే చెప్పింది. పరీక్షించి ఏమీ లేదని రాసి పంపారు. కొన్ని వారాలు తిరిగేసరికి ఆపరేషన్‌కు వీలులేని కణితి బయటపడింది. ఆగస్టు 8న ఆసుపత్రిలో చేరింది, మళ్లీ ఇంటికి రాలేదు. ఆమెకు ఎక్కించిన రక్తం బాకీ తీర్చడానికి ఉక్కు కర్మాగారంలో పనిచేసే బంధుమిత్రులు వచ్చి రక్తం ఇచ్చారు. ఆమె పోయాక శరీరమంతా కణితులు నిండి ఉన్నట్టు శవపరీక్షలో తేలింది. క్లోవర్‌లో తల్లి సమాధి దగ్గరే పూడ్చారు. రాయి పెట్టే స్తోమత కుటుంబానికి లేదు. ఎల్సీ 1955లో, 15 ఏళ్ల వయసులో, ఆ ఆసుపత్రిలోనే చనిపోయింది.

లోకానికి లాభం, ఇంటికి చీకటి

గై ఆ కణాలను అమ్ముకోలేదు. అడిగిన శాస్త్రవేత్తలకు ఉచితంగా పంపాడు. 1950ల మొదట్లో జోనాస్ సాల్క్ పోలియో టీకా పరీక్షలకు పెద్ద ఎత్తున కణాలు కావలసి వచ్చినప్పుడు, అలబామాలోని టస్కిగీ ఇన్‌స్టిట్యూట్‌లో హీలా కణాలను భారీగా పెంచే కేంద్రం పెట్టారు. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు, సాంకేతిక సిబ్బంది నల్లజాతివారు. అదే టస్కిగీ ప్రాంతంలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ వందలాది నల్లజాతి పురుషులకు సిఫిలిస్ ఉన్న సంగతి దాచి, మందు ఉన్నా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. ఒకే చోట నల్లజాతి స్త్రీ కణాలతో లక్షల పిల్లలను కాపాడే పని, నల్లజాతి పురుషులను చావుకు వదిలేసే పని పక్కపక్కనే నడిచాయి.

తర్వాత హీలా వ్యాపార సరుకైంది. కంపెనీలు పెంచి అమ్మాయి. లక్షకు పైగా పరిశోధన పత్రాల్లో ఆ కణాల ప్రస్తావన ఉంది. ఆమె అసలు పేరు మాత్రం చాలాకాలం బయటకు రాలేదు. పత్రికలు, పుస్తకాలు హెలెన్ లేన్ అని ఎవరో లేని మనిషి పేరు రాశాయి. కుటుంబానికి విషయం తెలిసింది 1973లో, అంటే ఆమె పోయిన 22 ఏళ్లకు. ఆ సమయంలోనే పరిశోధకులు ఆమె పిల్లల నుంచి రక్తం తీసుకున్నారు. హీలా కణాలు మిగతా ప్రయోగాలను కలుషితం చేస్తుంటే వాటిని గుర్తించడానికి కుటుంబం రక్తం వాళ్లకు అవసరమైంది. తల్లిని చంపిన క్యాన్సర్ తమకూ ఉందేమోనని పరీక్షిస్తున్నారని పిల్లలు అనుకున్నారు. కూతురు డెబొరా ఆ ఫలితం కోసం భయంతో ఎదురుచూసింది. తల్లి కణాలతో కోట్ల వ్యాపారం జరుగుతుంటే ఆ పిల్లల్లో చాలామందికి ఆరోగ్య బీమా లేదు.

2010లో రెబెకా స్క్లూట్ రాసిన పుస్తకంతో ఈ కథ లోకానికి తెలిసింది. అదే ఏడాది నల్లజాతి వైద్యుడు రోలండ్ పాటిల్లో ఆమె సమాధికి రాయి పెట్టించాడు. 2013లో జర్మనీ శాస్త్రవేత్తలు హీలా జన్యుపటాన్ని కుటుంబాన్ని అడగకుండా ప్రచురించడంతో మళ్లీ వివాదం రేగింది. దాంతో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కుటుంబంతో ఒప్పందం చేసుకుని, ఆ సమాచారం ఎవరికి ఇవ్వాలో చూసే కమిటీలో కుటుంబ సభ్యులకు చోటిచ్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమెను మరణానంతరం గౌరవించింది. అదే ఏడాది ఆమె వారసులు థర్మో ఫిషర్ కంపెనీపై దావా వేశారు. 2023 ఆగస్టులో, ఆమె 103వ జయంతి నాటికి, ఆ కేసు రాజీతో ముగిసింది. 72 ఏళ్ల తర్వాత ఒక కంపెనీ ఆమె వారసుల ముందు కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది.

భద్రాచలం దాకా వచ్చిన దారి

జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ సుర్ హౌసెన్ 1980లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణమని నిరూపించాడు. ఆ వైరస్‌లో 18వ రకం హీలా కణాల్లోనే ఉందని తేలింది. హెన్రియెట్టాకు జబ్బు తెచ్చింది అదే. ఈ పరిశోధనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. హెచ్‌పీవీ టీకాకు దారి వేసిందీ అదే పరిశోధన.

ఆ టీకా 2009లో మన ఖమ్మం జిల్లాకు వచ్చింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం సహా కొన్ని మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన సమ్మతి పత్రాలపై రెండు వేలకు పైగా చోట్ల హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. మహిళా, ఆరోగ్య హక్కుల సంఘాలు గొంతెత్తడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. టీకా ఉపయోగం ప్రపంచమంతటా రుజువైంది, మన పిల్లలకు అది అందాలి. అదే సమయంలో, ఆదివాసీ తల్లి సమ్మతి బదులు వార్డెన్ సంతకం చాలనుకున్న ఆలోచన, ఉచిత వార్డులో నల్లజాతి స్త్రీని అడగనక్కర్లేదనుకున్న ఆలోచనకు చుట్టమే. టీకాను వద్దనడం వల్ల ఆ ఆలోచన పోదు. అడిగి, వివరించి, ఒప్పించి వేయమని పట్టుబడితేనే పోతుంది.

మన వాడలో రక్తం కనిపిస్తే

మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది. 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. నిజానికి ముందే పట్టుకోగలిగిన క్యాన్సర్లలో ఇది మొదటిది. వైరస్ సోకిన తర్వాత క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత గడువు ఉన్నా, ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్న స్త్రీలు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

హెన్రియెట్టా లాగే మన ఆడవాళ్లూ ఆ సంగతి దాస్తారు. కూలి పోతుందని, మగ డాక్టరు ఉంటాడని, ఏదో చెడ్డ రోగం అంటగడతారని. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పనికి పోతారు. ఆసుపత్రికి వెళ్తే ఇంకో ప్రమాదం. తెల్లబట్ట అయినా, రక్తం ఎక్కువ పోతున్నా క్యాన్సర్ వస్తుందని భయపెట్టి గర్భసంచి తీసేసే ప్రైవేటు వైద్యం మన దగ్గర బాగా పాతుకుంది. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. అణగారిన వర్గాల స్త్రీలకు జరుగుతున్న అనవసర గర్భసంచి ఆపరేషన్లపై 2023లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకుని రాష్ట్రాలకు మార్గదర్శకాలు అమలు చేయమంది. అంటే పరీక్ష అవసరమైన చోట పరీక్ష లేదు. పరీక్షే చేయకుండా కత్తి మాత్రం ఉంది.

కార్యకర్తలు, విద్యార్థులు తమ వాడలో చెప్పాల్సిన మాటలు ఇవి.

నెలసరికి నెలసరికి మధ్య రక్తం కనిపించినా, భర్తతో కలిసిన తర్వాత రక్తం వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా డాక్టరుకు చూపించాలి. ముట్లుడిగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా ఆగకూడదు. ఇవన్నీ క్యాన్సర్ అని కాదు. గర్భసంచిలో గడ్డలు, ఇన్ఫెక్షన్, హార్మోన్ల తేడా కూడా కారణం కావచ్చు. ఏమిటో తేల్చుకోవాలి.

ఏ లక్షణం లేకపోయినా 30 దాటిన ప్రతి స్త్రీకి ఐదేళ్లకోసారి ముఖద్వార పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. పలచటి ఎసిటిక్ ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లమచ్చ తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు కూడా చేయగలదు, ఫలితం అక్కడే తెలుస్తుంది. మచ్చ చిన్నదిగా ఉంటే గర్భసంచి తీయకుండానే ఆ భాగానికి మాత్రమే చికిత్స చేయవచ్చు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష జరుగుతోందా అని ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి. జరగకపోతే అది వినతిపత్రం ఇవ్వాల్సిన అంశం.

అండాశయ క్యాన్సర్ సంగతి వేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో దాన్ని ముందే పట్టే నమ్మకమైన పరీక్ష ఇంకా లేదు. పాప్ స్మియర్ దాన్ని చూపించదు. కడుపు ఉబ్బరం తగ్గకపోవడం, కొంచెం తినగానే నిండినట్టు ఉండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం రెండు మూడు వారాలకు మించి ఉంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోకుండా స్కానింగ్ చేయించమని అడగాలి. ఇంట్లో తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎవరైనా గర్భసంచి తీయాలంటే రిపోర్టు చూపించమనండి. ముక్క పరీక్ష జరిగిందా, వేరే చికిత్స ఉందా అని అడగండి. మరో డాక్టరు సలహా తీసుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. అర్థంకాని భాషలో ఉన్న కాగితంపై సంతకం పెట్టొద్దు. పరిశోధన కోసం రక్తం గానీ, ముక్క గానీ తీస్తే ముందే మన భాషలో చెప్పి మన అంగీకారం తీసుకోవాలి. కాదనే హక్కు మనకుంది, కాదన్నందుకు వైద్యం ఆపకూడదు.

మహాత్మా ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. ఆ బంధుత్వంలో హెన్రియెట్టా కూడా మన ఇంటి మనిషే. ఆమె వర్ధంతి రోజున ఆమె ఫొటోకు దండ వేస్తే మంచిదే. అంతకంటే మంచి పని, మన అమ్మనో, అక్కనో, వాడలోని ఓ పెద్దమ్మనో పనికి సెలవు పెట్టించి, పక్కన కూర్చుని, పరీక్ష చేయించి తీసుకురావడం. స్పారోస్ పాయింట్ కార్మికులు ఆమెకు రక్తం ఇచ్చారు. మనం ఇవ్వాల్సింది ఒక్క పూట తోడు.